కందికల్ గ్రామం, హైదరాబాద్ జిల్లా

మా ఇంటి నుంచి ఫలక్‌నుమా రైల్వే స్టేషన్‌కు నడిచే పోతాం. మేడెక్కితే నీళ్ల ట్యాంకులు, గాలిపటాలు, గుట్ట మీద ప్యాలెస్ కనిపిస్తాయి. నాగలి చాలు కంటికి ఆనదు. దస్తావేజులో మాత్రం ‘కందికల్ గ్రామం, బండ్లగూడ మండలం, హైదరాబాద్ జిల్లా’ అని ఉంది. మొన్న మా మనవడు అది చదివి, “తాతా, మనది ఊరా, పట్నమా?” అన్నాడు.

సర్వే శాఖలో ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి, వెంటనే చెప్పలేకపోయాను.

మా నాయన చైన్‌మన్. ఆయన లాగిన గొలుసు 33 అడుగులు, దానికి 16 అణాలు, అప్పటి రూపాయిలాగే. నిలువు ఒక గొలుసు, అడ్డం ఒక గొలుసు వేస్తే గుంట, అంటే 121 చదరపు గజాలు. నలభై గుంటలైతే ఎకరం. ఎండాకాలం ఇనుప కడియాలు అరచేతుల్ని కాల్చేవట, తడిగుడ్డ చుట్టుకుని లాగేవాడు. లాగగా లాగగా కడియాలు సాగుతాయి. సాగిన గొలుసుతో కొలిస్తే రైతు భూమి కాగితం మీద తగ్గుతుంది. అందుకే పొద్దున్నే గొలుసు సరిచూసుకోకుండా పొలంలో దిగేవాడు కాడు. ఆ కొలతలే టిప్పన్ అనే సర్వే కాగితంలోకి ఎక్కేవి. మొదటి సాలార్ జంగ్ హయాంలో, 1870లలో, బొంబాయి పద్ధతిలో మొదలైన సర్వే అది. చాలా జాగీరు ఊళ్లకు ఆ గొలుసు ఎన్నో ఏళ్లు చేరలేదు.

ఇంత లెక్కలోనూ కొలిచింది పొలాన్నే, పల్లెను కాదు. పల్లె అంటే పట్నం పోగా మిగిలినది. నిజాం సొంత ఖర్చులకు శిస్తు చెల్లించిన సర్ఫేఖాస్ జిల్లా పేరే చూడండి, అత్రాఫ్-ఎ-బల్దా. పట్నం చుట్టుపక్కల అని అర్థం. అన్ని ఊళ్లున్న జిల్లాకు తనదంటూ ఒక పేరు కూడా దక్కలేదు. 1949లో సర్ఫేఖాస్ దివానీలో, అంటే సర్కారు భూముల్లో కలిసింది. 1978లో హైదరాబాద్ జిల్లాను చీల్చినప్పుడు బయటి ముక్కకు మొదట పెట్టిన పేరు హైదరాబాద్ రూరల్, రంగారెడ్డి పేరు తరవాత వచ్చింది.

జనాభా లెక్కలవాళ్లదీ అదే దారి. మున్సిపాలిటీ కాని చోట అయిదు వేల జనం ఉండాలి, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి, మగ పనివాళ్లలో నూటికి 75 మంది సాగు కాక వేరే పని చేయాలి. ఈ మూడూ కుదిరితే పట్టణం. లేకుంటే పల్లె. నాటు వేసే ఆడవాళ్లు ఈ లెక్కలోకే రారు, నాకు మింగుడుపడని సంగతి అది. 2020లో ఐక్యరాజ్యసమితి ఒప్పుకున్న పద్ధతి దేశాన్ని కిలోమీటరు గళ్లుగా కోసి జనాన్ని లెక్కిస్తుంది. అక్కడా నగరాలూ పట్టణాలూ ఏరేశాక మిగిలినదే పల్లె.

2011 లెక్కల్లో హైదరాబాద్ జిల్లా 217 చదరపు కిలోమీటర్లు, జనం 39 లక్షల 43 వేలు. అందులో గ్రామీణం సున్నా. నవాబు వికారుల్ ఉమ్రా 1884లో ఫలక్‌నుమా ప్యాలెస్‌కు పునాది వేసేనాటికి ఈ గుట్ట పట్నం గోడకు బయట, అలియాబాద్ దర్వాజా దాటాక ఉండేది. ప్యాలెస్ ఆవరణ 32 ఎకరాలను మా నాయన లెక్కలో చెబితే 1,280 గుంటలు. ఇప్పుడు దాని చుట్టూ ఇళ్లే. అయినా ఇక్కడ హద్దు తగాదా వస్తే కోర్టులో కందికల్, జంగంమెట్ లాంటి ఊళ్ల సర్వే నంబర్లు ఇప్పటికీ బయటికి వస్తాయి. లెక్కలో లేని పల్లె, రికార్డులో చావలేదు.

మనవడికి చివరికి “రెండూ” అన్నాను. వాడు నమ్మలేదు.

మీ ఇంట్లో పాత ట్రంకుపెట్టెలో టిప్పన్ నకలో, ఉర్దూలో రాసిన పహాణీయో ఉంటే చదవరాలేదని పారేయకండి. ఉర్దూ వచ్చినవాళ్లతో ఒకసారి చదివించి, ఫోటో తీసి పెట్టుకోండి.