తలుపు మూసి చెప్పిన మాట

దేశాధ్యక్షుడు మైక్రోఫోను ముందు పలికిన మాటను లక్షలమంది విందురు. అది మరునాటి పత్రికలకెక్కును, పిమ్మట చరిత్ర గ్రంథములకెక్కును. ఆ మాట పుట్టకముందు లోపలి గదిలో నడచిన సంభాషణకు మాత్రము సాక్ష్యము మిగులుట అరుదు. మిగిలినచో, అది దగ్గరనున్న ఏ సలహాదారుని కాగితములలోనో మిగులును.

అమెరికాలో 1946 నాటి ఉద్యోగ చట్టము ననుసరించి అధ్యక్షునకు ముగ్గురు సభ్యుల ఆర్థిక సలహామండలి ఏర్పడెను. 1961లో దానికి అధిపతియైన వాల్టర్ హెల్లర్ మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. అధ్యక్షునితో మాటలాడి వచ్చిన పిమ్మట, జరిగినదానిని టిప్పణముగా వ్రాసియుంచుట ఆయన అలవాటు.

1963 నవంబరు 19న ఆయన కెనడీని కలిసికొని, పేదరిక నివారణ పథకము మరుసటి సంవత్సరపు శాసన కార్యక్రమములో చేరునా యని అడిగెను. మంచి పథకము దొరకినచో తనకిష్టమే యని కెనడీ చెప్పెను. అయితే నగర శివారులలోని మధ్యతరగతివానికి కూడ ఏదో చేయుచున్నామని తెలియవలెనని వెంటనే చేర్చెను. రానున్నది ఎన్నికల సంవత్సరము గదా!

మూడవనాడు డల్లాస్‌లో కెనడీ హత్య జరిగెను. పలువురు మంత్రులతో కలిసి జపానునకు పోవుచున్న హెల్లర్ అప్పుడు పసిఫిక్ సముద్రముపై విమానములో నుండెను. వార్త తెలిసి విమానము వెనుకకు మరలెను.

మరునాడు శనివారము. రాత్రి 7-40 గంటలకు హెల్లర్ కొత్త అధ్యక్షుడు జాన్సన్ ఎదుట నుండెను. పేదరికమును గూర్చిన యోచనలు వినిపింపగా, ఇది తనకు నచ్చిన పనియనియు, పూర్తి వేగముతో సాగింపుమనియు జాన్సన్ అనెను. హెల్లర్ సెలవు తీసికొని తలుపు తెరవబోవుచుండగా, ఆయన దానిని మెల్లగా మూసి, హెల్లర్‌ను వెనుకకు తీసికొనివచ్చి మరియొక మాట చెప్పెను. తాను ఖర్చులు కోయు ఛాందసుడనన్న ప్రచారము నిజము కాదట. తాను రూజ్వెల్టు పక్షమువాడట; నిజమునకు కెనడీయే తన అభిరుచికి కొంచెము ఛాందసుడట! ఈ సంగతి నీ మిత్రులైన ష్లెసింజర్, గాల్‌బ్రెయిత్ మొదలగువారితో చెప్పుమనెను. ఈ గాల్‌బ్రెయిత్ 1961 నుండి 1963 వరకు మన దేశమున అమెరికా రాయబారిగా నుండినవాడే.

చరిత్రకారులు ఈ ఘట్టమును ముచ్చటగా ఉదహరింతురు. నాకు మాత్రము కొంత సంశయము. తలుపు మూసి చెప్పినంతమాత్రమున అది మనసు విప్పి చెప్పిన మాట కానక్కరలేదు. నలుగురికి చేర్చుమని చెప్పినది రహస్యమెట్లగును? అది గుట్టుగా టముకు వేయించుట. కెనడీ అనుయాయులు తన్ను విడిచిపోకుండుట ఆ రాత్రి జాన్సన్‌కు అత్యవసరము.

పిమ్మట ఆయన చేసినదేమి? పన్నుల తగ్గింపు బిల్లు సెనేటులో హారీ బర్డ్ నాయకత్వమునగల ఆర్థిక సంఘమున చిక్కుకొనియుండెను. బడ్జెటు 10,000 కోట్ల డాలర్లకు లోబడిన గాని అది కదలదు. జాన్సన్ ఖర్చులు కోసి కోసి 9,790 కోట్లకు దించెను. 1964 ఫిబ్రవరి 26న బిల్లు చట్టమాయెను. ఆదాయపు పన్ను గరిష్ఠపు రేటు నూటికి 91 నుండి రెండంచెలలో 70కి తగ్గెను. కోతలు కోయువాడను కానన్నవాని తొలి పనులలో కోత ఒకటి!

ఐనను మాట తప్పెననుటకు వీలులేదు. 1964 జనవరి 8న ఆయన పేదరికముపై యుద్ధము ప్రకటించెను. ఆగస్టు 20న ఆర్థికావకాశ చట్టముపై సంతకము చేసెను. అందులకై మార్చిలో కోరిన మొత్తము 96 కోట్ల 25 లక్షల డాలర్లు, అనగా బడ్జెటులో సుమారు నూటికొక వంతు. ప్రసంగమున వినిపించిన యుద్ధభేరికిని ఈ పద్దుకును గల దూరమును కొలుచుటకు హెల్లర్ టిప్పణములు అక్కరకు వచ్చును. శివారులలోని మధ్యతరగతివాడును, సెనేటులోని బర్డును ఆ దూరమున నిలిచియున్నారు.

హెల్లర్ 1964 నవంబరులో పదవి విడిచి మిన్నెసోటాకు మరలిపోయెను. ఆయన పత్రములు ఇప్పుడు బోస్టన్ నగరమున భద్రముగా నున్నవి. కెనడీ ఛాందసుడని జాన్సన్ అన్న కాగితము కూడ అక్కడనే, కెనడీ పేరిట వెలసిన గ్రంథాలయముననే యున్నది.