కోర్టుకెక్కిన కీర్తన

ఒకే పాటకు సంబంధించిన రెండు సందర్భాలు 2026లో కలిసి వస్తున్నాయి. ఆ పాట రాసి పాడిన జార్జ్ హారిసన్ కన్నుమూసి నవంబరు 29కి 25 ఏళ్లు. ఆ పాట బాణీ అప్పటికే మరొకరు కట్టినదని న్యూయార్క్‌లో ఒక న్యాయమూర్తి తీర్పు చెప్పి ఆగస్టు 31కి 50 ఏళ్లు. ఆ పాట ‘మై స్వీట్ లార్డ్’. దేవుణ్ణి చూడాలని, ఆయనతో ఉండాలని, ఇంత ఆలస్యం భరించలేనని వేడుకునే పాట అది. హారిసన్ ఉన్న బీటిల్స్ బృందం విడిపోయాక ఆ నలుగురి సొంత పాటల్లో అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరిన తొలి పాట కూడా అదే. ఆ పాటలో వంతపాడేవాళ్లు మొదట ‘హల్లెలూయా’ అంటారు, కాసేపటికి ‘హరే కృష్ణ’ అందుకుంటారు, ఆఖర్న మన బడిపిల్లలకు నోటికొచ్చిన గురుస్తుతి శ్లోకం కూడా పలుకుతారు.

ఈ కృష్ణ నామాలు లండన్ స్టూడియో దాకా నడిచిన దారి చాలా పొడవైనది. కలిసంతరణోపనిషత్తులో ఉన్న 16 నామాల మంత్రాన్ని నలుగురూ వీధుల్లో గొంతెత్తి పాడే కీర్తనగా మార్చిన ఘనత బెంగాల్‌కు చెందిన చైతన్య మహాప్రభువుది. ఆయన 1510లో సన్యాసం తీసుకుని, ఆ ఏడాదే దక్షిణ యాత్రకు బయల్దేరారు. సింహాచలం నరసింహుణ్ణి దర్శించుకుని గోదావరి ఒడ్డుకు వచ్చారు. ప్రతాపరుద్ర గజపతి తరఫున ఆ ప్రాంతాన్ని పాలిస్తున్న రామానంద రాయ్ పల్లకీలో, మేళతాళాలతో నదీస్నానానికి అక్కడికే వచ్చారు. వాళ్లిద్దరి మధ్య భక్తి గురించి సాగిన సంభాషణను కృష్ణదాస కవిరాజు ‘చైతన్య చరితామృతం’లో విస్తారంగా రాశారు. ఆ తర్వాత రామానంద రాయ్ పదవిని వదిలేసి పూరీకి వెళ్లిపోయారు. ఆ కలయిక జరిగిన చోటు కొవ్వూరు గోష్పాద రేవు అని చైతన్యుల గౌడీయ సంప్రదాయం నమ్ముతుంది. అందుకే ఆ సంప్రదాయ గురువు భక్తిసిద్ధాంత సరస్వతి కొవ్వూరులో రామానంద గౌడీయ మఠం నెలకొల్పారు.

తర్వాతి నాలుగు వందల ఏళ్లకు పైగా ఈ కీర్తన ఎక్కువగా బెంగాల్, ఒడిశా, బృందావనం చుట్టూనే తిరిగింది. అదే భక్తిసిద్ధాంతుల శిష్యుడు ప్రభుపాద 69 ఏళ్ల వయసులో, 1965లో ‘జలదూత’ అనే సరుకు ఓడెక్కి కలకత్తా నుంచి అమెరికా చేరారు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో ఆయన, శిష్యులు కలిసి పాడిన సంకీర్తన రికార్డుగా వచ్చింది. అది హారిసన్ చేతికి చిక్కింది.

హారిసన్ లివర్‌పూల్ కుర్రాడు, కేథలిక్ కుటుంబంలో పుట్టినవాడు. 1966లో పండిట్ రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకోవడానికి బొంబాయి వచ్చాడు. 1968లో రిషికేశ్‌లో ధ్యానం చేశాడు. లండన్ వచ్చిన ప్రభుపాద శిష్యులను కూర్చోబెట్టి 1969లో ‘హరే కృష్ణ మంత్ర’ రికార్డు చేయించాడు. ఆ రికార్డు బ్రిటన్ అమ్మకాల పట్టికలో 12వ స్థానం దాకా వెళ్లింది. అప్పటివరకూ ఆ మంత్రాన్ని తను దగ్గరుండి పాడించాడు. దాన్ని తన సొంత పాటలో, సొంత గొంతుతో పాడే ధైర్యం మాత్రం ఇంకా రాలేదు.

అది 1969 డిసెంబరులో కోపెన్‌హాగెన్‌లో వచ్చింది. డెలనీ, బానీ అనే గాయక జంట బృందంతో కలిసి కచేరీలు చేస్తున్న రోజులవి. విలేకరుల సమావేశం నడుస్తుండగా హారిసన్ పక్కకు తప్పుకుని గిటార్ మీద రెండు మూడు తీగల వరసలు మీటుతూ కూర్చున్నాడు. వాటి మీద ‘హల్లెలూయా’ పాడితే సరిపోయింది, ‘హరే కృష్ణ’ పాడినా సరిపోయింది. ఆ ఏడాదే లోకమంతా మారుమోగిన ‘ఓ హ్యాపీ డే’ ఆయన మనసులో ఉంది. కాలిఫోర్నియాలోని నల్లజాతి చర్చి గాయక బృందం, ఎడ్విన్ హాకిన్స్ సింగర్స్ పాడిన పాట అది. డెలనీ, బానీ బృందంలోనే ఉన్న బిల్లీ ప్రెస్టన్ చిన్నప్పటి నుంచి చర్చిలో ఆర్గన్ వాయించిన మనిషి. పాట పల్లవి అందరి మధ్యా కుదురుకుంది. 1970 జనవరిలో దాన్ని మొదట రికార్డు చేసిందీ ప్రెస్టనే, నిర్మాత హారిసన్.

తన పేరుతో ఆ పాట పాడటానికి హారిసన్ వెనకాడారు. ఒకసారి బహిరంగంగా దేవుడి పేరు ఎత్తితే ఆ మాట మీద జీవితాంతం నిలబడాలి కదా అని తర్జనభర్జన పడ్డట్టు తన పుస్తకం ‘ఐ మి మైన్’లో రాసుకున్నారు. చివరికి 1970లో నిర్మాత ఫిల్ స్పెక్టర్‌తో కలిసి ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’ అనే మూడు రికార్డుల ఆల్బమ్ కోసం పాడారు. వరసగా కూర్చున్న అకూస్టిక్ గిటార్లు ఒకే లయ మీటుతుంటాయి. వాటి మీద స్లైడ్ గిటార్ జంటగా జారుతుంది. తీగ మీద చిన్న గొట్టాన్ని జరుపుతూ వాయించే ఆ పద్ధతిలో, స్వరం నుంచి స్వరానికి జారే ఆ తీరులో, సితార్ కోసం గడిపిన ఏళ్లు వినిపిస్తాయి. వంతపాట గుంపు అంతా హారిసనే. తన గొంతునే పొరలు పొరలుగా రికార్డు చేసి, ఆ గుంపుకు ‘జార్జ్ ఓహారా స్మిత్ సింగర్స్’ అని పేరు పెట్టారు.

హల్లెలూయాతో మొదలుపెట్టడం ఆయన కావాలని చేసిన పని. వినేవాళ్లు అలవాటైన పేరుతో గొంతు కలుపుతారు. పాట నడుస్తుండగా పేరు మారుతుంది, వాళ్లు ఆగరు. రెండు పేర్లకూ ఒకే తీరు పిలుపు, ఒకే తీరు బదులు. మన భజన గోష్ఠిలో ముందు ఒకరు అందిస్తే మిగిలినవాళ్లు అందుకోవడం ఇలాగే ఉంటుంది. 1970 డిసెంబరు 26న ఆ పాట అమెరికాలో మొదటి స్థానానికి చేరి నాలుగు వారాలు నిలిచింది. బ్రిటన్‌లో అయిదు వారాలు.

1971 ఫిబ్రవరిలో బ్రైట్ ట్యూన్స్ అనే సంగీత ప్రచురణ సంస్థ దావా వేసింది. 1963లో షిఫాన్స్ అనే అమ్మాయిల బృందం పాడిన ‘హీ ఈజ్ సో ఫైన్’ బాణీని హారిసన్ వాడుకున్నారని ఫిర్యాదు. విచారణ 1976 ఫిబ్రవరిలో మూడు రోజులు జరిగింది. న్యాయమూర్తి రిచర్డ్ ఓవెన్ స్వయంగా ఒపెరాలు రాసిన స్వరకర్త. అందుకే ఆ తీర్పు చట్టం చదువుకోనివాళ్లకు కూడా సంగీత పాఠంలా ఉంటుంది.

ఆయన రెండు పాటలనూ రెండు చిన్న ముక్కలుగా విడదీశారు. మన స్వరాల్లో చెప్పుకుంటే మొదటి ముక్క ‘ప గ రి’. రెండోది ‘ప ధ స ధ స’. షిఫాన్స్ పాటలో మొదటి ముక్క నాలుగుసార్లు వస్తుంది, తర్వాత రెండోది నాలుగుసార్లు. హారిసన్ పాటలో మొదటిది నాలుగుసార్లు, రెండోది మూడుసార్లు, నాలుగోసారి రావలసిన చోట దాదాపు అంతే పొడవున్న మరో సంగతి. ఇంకో సూక్ష్మం కూడా ఉంది. రెండో ముక్క ఒకచోట ‘ప ధ స ధ రి స’ అని రిషభాన్ని తాకి వస్తుంది. షిఫాన్స్ పాటలో ఉన్న ఆ చిన్న స్పర్శే ప్రెస్టన్ రికార్డులోనూ వినిపిస్తుంది. విడివిడిగా చూస్తే ఆ ముక్కలు ఎవరి సొత్తూ కావు, ఆ వరసలో అన్నిసార్లు రావడమే విశేషం అన్నారు న్యాయమూర్తి. హారిసన్ ఆ పాట వినలేదనడానికీ వీల్లేదు. 1963 జూన్ 1న ఇంగ్లండ్ పట్టికలో అది 12వ స్థానంలో ఉంటే, మొదటి స్థానంలో ఉన్నది బీటిల్స్ పాటే.

తెలిసి దొంగిలించారని తీర్పులో లేదు. విన్న పాట లోపల ఎక్కడో నిలిచిపోయి, గిటార్ తీగల మీద వేళ్లు ఆడుతున్నప్పుడు ఆ మనిషికే తెలియకుండా బయటికి వచ్చిందని అన్నారు. ఉపచేతనలో జరిగినా చట్టం దృష్టిలో అది ఉల్లంఘనే. గోడంత చార్టుల మీద మూడు స్వరాలు రాసి మూడు రోజులు వాదిస్తుంటే, అవి నిజంగా వాళ్లవేనేమో అనిపించిందని హారిసన్ తర్వాత రాశారు.

సంగీతం తెలిసిన తెలుగువాళ్లకు ఆ స్వరాలు పరిచయమే. స, రి, గ, ప, ధ: అవి మోహన రాగ స్వరాలు. ‘నను పాలింప’ అని త్యాగయ్య పిలిచింది ఆ రాగంలోనే. ‘మాయాబజార్’లో వెన్నెల పడవ నడిచిందీ ఆ రాగంలోనే. అయిదే స్వరాలున్నచోట వేరువేరు చేతులు ఒకే సంగతిని తడమడం సహజం. పైగా దేవుడి పాటకు బాణీ అరువు తెచ్చుకోవడం మనకు కొత్త కాదు. ముత్తుస్వామి దీక్షితార్ దొరల బ్యాండు బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చి నొట్టుస్వరాలు చేశారు. మన ఊళ్లలో భజన మండలి సినిమా బాణీలో రాముణ్ణి, అయ్యప్పను పిలవకుండా తెల్లవారదు. భజనలో బాణీ అందరిదీ.

అలాగని తీర్పు తప్పని నేను అనను. ‘హీ ఈజ్ సో ఫైన్’ రాసిన రానీ మాక్ న్యూయార్క్ యువకుడు. ఆ పాట అమెరికాలో మొదటి స్థానానికి వచ్చిన 1963లోనే, చిన్న వయసులోనే క్యాన్సర్‌తో చనిపోయారు. ఆ స్వరాలను ఆ వరసలో మొదట పేర్చింది ఆయన. అమ్మకానికి పెట్టిన రికార్డు మీద ఆ శ్రమకు పైకం రావడం న్యాయం. భజన మండలి టికెట్టు పెట్టదు, ఆల్బమ్ అమ్మదు. తేడా అక్కడుంది.

ఆ తర్వాత కథ మాత్రం తిన్నగా నడవలేదు. నష్టపరిహారం 15,99,987 డాలర్లుగా లెక్క తేలింది. ఈలోపు, ఒకప్పుడు హారిసన్ వ్యవహారాలు చూసిన ఆలన్ క్లైన్ 1978లో ఆ దావా హక్కులను 5,87,000 డాలర్లకు తనే కొనుక్కున్నారు. ఒకప్పటి యజమాని మీద అలా లాభం తీయడం కుదరదని కోర్టు 1981లో ఆపింది. క్లైన్ పెట్టిన ఆ 5,87,000 డాలర్లు ఇస్తే చాలంది. అయినా వ్యాజ్యం తోక 1990ల దాకా సాగింది. కొత్త పాట రాయడానికి కూర్చుంటే ప్రతి బాణీ ఇంకెవరిదోలా వినపడే భయం హారిసన్‌ను కొన్నాళ్లు వెంటాడింది.

పాట దారి పాటది. దావా తేలకముందే, 1971లో నీనా సిమోన్ ఫోర్ట్ డిక్స్ శిబిరంలో నల్లజాతి సైనికుల ముందు దాన్ని పద్దెనిమిది నిమిషాల పైచిలుకు పాడారు. వియత్నాం యుద్ధ కాలంలో ఆ వేడుకోలు దేవుడితో పోట్లాటగా మారింది. 1975లో షిఫాన్సే ఆ పాటను రికార్డు చేశారు. హారిసన్ పోయాక 2002 జనవరిలో బ్రిటన్ మళ్లీ దాన్ని మొదటి స్థానంలో నిలబెట్టింది. 2017లో హాలీవుడ్ అంతరిక్ష సినిమా ఒకటి వాడుకుంది. పాడుతున్నది ఎవరి దేవుణ్ణో తెలియకుండానే ఎందరో పాడుతున్నారు. ఇక సంగీత దావాలు పెరిగిపోయి, ఏ స్వరం ఎవరిదో తేల్చాల్సి వచ్చినప్పుడల్లా న్యాయవాదులు 1976 తీర్పు తిరగేస్తున్నారు.

వీలైతే ఈ ఆదివారం హార్మోనియం దగ్గర పెట్టుకుని వినండి. మొదట షిఫాన్స్, తర్వాత ప్రెస్టన్, ఆ తర్వాత హారిసన్, చివర నీనా సిమోన్. ‘ప గ రి’ ఎక్కడెక్కడ వస్తుందో మీ చెవికే తెలుస్తుంది. నాలుగూ ఒకే సంగతిని పట్టుకున్న పాటలే. మొదటిది ఒక అమ్మాయి మనసుపడ్డ అబ్బాయి గురించి, మిగిలినవి దేవుడి గురించి. ఆ దూరాన్ని దాటించింది స్వరం కాదు, పాడేవాళ్ల ఆర్తి. దాని మీద హక్కు ఎవరిదని ఏ కోర్టూ అడగలేదు, అడగలేదు గనుకే ఆ పాట ఇప్పటికీ అందరిదీ.