పెడల్ స్టీల్ గిటార్ తీగల గేజ్

పెడల్ స్టీల్ గిటార్‌కు బిగించే తీగ మందాన్ని గేజ్ అంటారు. దీన్ని అంగుళంలో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. 11 గేజ్ తీగ మందం 0.011 అంగుళం, అంటే సుమారు 0.28 మిల్లీమీటర్లు. ఈ వాద్యంలో తీగ మోగుతుండగానే పెడళ్లు దాని శ్రుతిని మారుస్తాయి. అందువల్ల నాదంతో పాటు తీగ సాగే తీరును కూడా చూసి గేజ్ ఎంచుకుంటారు.

ఆరంభం

హవాయి స్టీల్ గిటార్‌లో తీగల శ్రుతి స్థిరంగా ఉండేది. స్వరాలన్నీ తీగల మీద జరిపే ఉక్కు కడ్డీతోనే పలికేవి. 1940 ప్రాంతంలో గిబ్సన్ కంపెనీ ఎలక్ట్రాహార్ప్ అనే స్టీల్ గిటార్‌తో పెడళ్లను తెచ్చింది. 1954లో వెబ్ పియర్స్ పాట ‘స్లోలీ’ విడుదలైంది. అందులో బడ్ ఐజాక్స్ మోగుతున్న తీగనే పెడల్‌తో పైస్వరానికి లాగాడు. నాష్‌విల్ వాద్యకారులు ఆ పద్ధతిని అందిపుచ్చుకున్నారు. అప్పటి నుంచి తీగకు పాటపాటకూ సాగి, మళ్లీ అదే శ్రుతికి చేరవలసిన పని పడింది.

ఇ9 శ్రుతి

1962లో వాద్యకారుడు బడీ ఎమన్స్ ఇ9 అనే శ్రుతి అమరికకు ఎఫ్ షార్ప్, డి షార్ప్ తీగలను చేర్చాడు. నేటి పది తీగల అమరికలో అవే మొదటి రెండు. మూడోదైన జి షార్ప్ వాటికన్నా హెచ్చు స్వరం కనుక అన్నిటికన్నా సన్నని తీగ అదే. తొలి ఆరు తీగలకు వరుసగా 13, 15, 11, 14, 17, 20 గేజ్‌లు విరివిగా వాడతారు. ఏడో తీగ నుంచి చుట్టుతీగలు, అంటే ఉక్కు తీగ మీద మరో తీగ చుట్టినవి, వస్తాయి. వాటి గేజ్ 26తో మొదలై పదో తీగకు 36 లేదా 38కి చేరుతుంది.

మూడో తీగ

‘బి’ అని పిలిచే పెడల్ తొక్కితే మూడో తీగ జి షార్ప్ నుంచి ఎ స్వరానికి లేస్తుంది. తీగ పలికే పొడవు సుమారు 24 అంగుళాలు. ఆ పొడవులో ఈ స్వరం ఉక్కు తట్టుకోగల హద్దుకు దగ్గరగా ఉంటుంది. అందుకే తరచుగా తెగేది ఈ తీగే. ఇంకా సన్నని తీగ వేసినా బెడద తీరదు. తీగ బలం తగ్గిన పాళ్లలోనే ఆ స్వరానికి కావలసిన బిగువు కూడా తగ్గుతుంది. 11కు బదులు 12 వేస్తే బిగువు సుమారు 19 శాతం పెరిగి, పెడల్ బరువెక్కుతుంది.

ఆరో తీగ

అభిరుచులు ఎక్కువగా వేరయ్యేది ఆరో తీగ దగ్గరే. కొందరు చుట్టులేని 20 గేజ్, కొందరు 22 గేజ్ చుట్టుతీగ వాడతారు. చుట్టుతీగలో బిగువంతా లోపలి సన్నని ఉక్కు తీగ మీదే పడుతుంది. కనుక అంతే శ్రుతి మార్పుకు దాన్ని ఎక్కువ దూరం కదిలించాలి. చుట్టులేని తీగకు కొద్ది కదలిక చాలు. అయితే పెడల్ తొక్కినప్పుడు వాద్యం చట్రం కాస్త వంగినా దాని శ్రుతి వెంటనే దిగుతుంది. ఒక రకం నుంచి మరో రకానికి మారినవారు ఆ తీగను కదిలించే పెడళ్లను, మోకాలి లీవర్లను తిరిగి సరిచేసుకోవాలి.