ఎస్పీ రోడ్డులో బర్నర్

బెంగళూరు టౌన్‌హాల్ నుంచి నడిచిపోయే దూరంలో ఉన్న సదర్ పత్రప్ప రోడ్డును ఎవరూ పూర్తి పేరుతో పిలవరు. ఎస్పీ రోడ్డనే అంటారు. అనంతపురం నుంచి ఉద్యోగానికి వచ్చిన తొంభైల్లోనే నాకా సందులు అలవాటయ్యాయి. రెసిస్టర్లు, ఐసీలు చిల్లర డబ్బులకే దొరికేవి. అందనిది బర్నర్ ఒక్కటే. కంప్యూటర్లో రాసిన ప్రోగ్రామును చిప్పులోకి ఎక్కించే ఆ పెట్టె ధర నా నెల జీతానికి పైమాటే. ఫ్లాపీలో హెక్స్ ఫైలు పట్టుకెళ్లి, బర్నర్ ఉన్నవాళ్లకు చిప్పుకింతని ఇచ్చి ఎక్కించుకునేవాళ్లం.

అంత ఖరీదుకు కారణం చిప్పులోనే ఉంది. 1980లో ఇంటెల్ తెచ్చిన 8051 కుటుంబంలో చెరిపి మళ్లీ రాసుకోగలిగేది 8751. దాని నెత్తిన చిన్న గాజు కిటికీ ఉండేది. పాత ప్రోగ్రాము పోవాలంటే అతినీలలోహిత దీపం కింద 20 నిమిషాలకు పైగా ఉంచాలి. కొత్తది రాయాలంటే 21 వోల్టులు కావాలి, అడ్రసు, డేటా పిన్నులన్నింటికీ ఒకేసారి సంకేతాలు అందాలి. ఆ చాకిరీ అంతా బయటి పెట్టే చేసేది.

1993లో మైక్రోచిప్ వారి పిక్ 16సి84 వచ్చింది. దానికి కిటికీ లేదు, కరెంటుతోనే చెరిగేది. ప్రోగ్రామును ఒకే డేటా తీగ మీద వరసగా పుచ్చుకునేది. 13 వోల్టులు మాత్రం తప్పలేదు. ఆట్మెల్ వారి ఏవీఆర్, 89ఎస్52 ఆ బెడదా తీర్చాయి. 5 వోల్టులిస్తే రాతకు కావలసిన పై వోల్టేజీని చిప్పు లోపలే పుట్టించుకుంటుంది. బోర్డు మీంచి ఊడదీయనక్కర్లేదు. ప్రింటరు పోర్టుకు నాలుగైదు తీగలు, కొన్ని రెసిస్టర్లు అతికిస్తే బర్నర్ తయారు.

తీరా ల్యాప్‌టాపుల్లో ప్రింటరు పోర్టే మాయమైంది. ఆ లోటు పూడ్చినవాడు థామస్ ఫిష్ల్. 2005లో అతను చేసిన యూఎస్‌బీయాస్ప్ అనే బర్నర్‌లో ప్రత్యేకమైన యూఎస్‌బీ చిప్పు లేదు. ఏవీఆర్ చిప్పే అయిన ఒక ఆట్‌మెగా8, 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, మిగతాదంతా సాఫ్ట్‌వేర్. సర్క్యూటూ కోడూ అందరికీ ఇచ్చేశాడు. దాన్ని తయారుచేయాలంటే అందులోని ఆట్‌మెగా8ను ముందు ఇంకెవరి బర్నర్‌తోనైనా నింపాలి. అలా ఒక మిత్రుడి బర్నర్ నుంచి ఇంకొకడి బర్నర్ పుట్టేది. బర్నర్ల ధరలు దిగడంలో కంపెనీల పాత్ర ఉంది, కాదనను. 1985 నుంచి బెంగళూరులో ఉన్న టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 2010లో ఎంఎస్‌పీ430 లాంచ్‌ప్యాడ్‌ను, బోర్డు మీదే బర్నర్‌తో సహా, 4.30 డాలర్లకు ఇచ్చింది. అయినా నా లెక్కలో పెద్ద చెయ్యి ఫిష్ల్ లాంటివాళ్లదే. ఎస్పీ రోడ్డులో కొన్న చవక నకలు ఏది విప్పి చూసినా ఆ సర్క్యూటే కనిపిస్తుంది.

కాలేజీ ప్రాజెక్టు కోసం ఏది కొనమంటారని పిల్లలు అడిగితే ముందు చిప్పు పేరడుగుతాను. ఆర్డుయినో బోర్డయితే ప్రోగ్రామును తనే ఎక్కించుకునే బూట్‌లోడర్ ఉంటుంది, విడిగా బర్నర్ దండగ. విడి ఆట్‌మెగా8 అయితే యూఎస్‌బీయాస్ప్ చాలు. కొత్త ఆట్‌మెగా8 ఫ్యాక్టరీ నుంచి 1 మెగాహెర్ట్జ్ వేగంతో వస్తుంది. బర్నర్ మామూలుగా పంపే 375 కిలోహెర్ట్జ్‌ను అది అందుకోలేదు. చిప్పు చచ్చిందని పారేయకుండా, బర్నర్ మీద వేగం తగ్గించే జంపర్ పెట్టాలి. 8 కిలోహెర్ట్జ్‌కు దిగగానే పలుకుతుంది.