పంట నష్టానికి పెట్టుబడి రాయితీ: నిబంధనలు, అనంతపురం జిల్లా అనుభవం

కరవు, వరద, తుపాను వంటి ప్రకృతి వైపరీత్యాల వలన పంట నష్టపోయిన రైతులకు ప్రభుత్వం అందజేసే ఆర్థిక సహాయాన్ని పెట్టుబడి రాయితీ (ఇన్‌పుట్ సబ్సిడీ) అని వ్యవహరిస్తారు. ఇది కోల్పోయిన పంట విలువకు పరిహారం కాదు. విత్తనాలు, ఎరువులు సమకూర్చుకొని రైతు తిరిగి సాగు చేపట్టేందుకు ఉద్దేశించిన సహాయం మాత్రమే. పంటల బీమా వలె దీనికి ప్రీమియం చెల్లించవలసిన అవసరం లేదు.

నిధులు: 2005 నాటి విపత్తుల నిర్వహణ చట్టాన్ని అనుసరించి, 2010 నుంచి రాష్ట్ర విపత్తు స్పందన నిధి అమలులోకి వచ్చింది. అంతకు ముందు విపత్తు సహాయ నిధి ఉండేది. ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాలలో ఈ నిధికి కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం సమకూరుస్తాయి. తీవ్ర విపత్తులలో కేంద్ర బృందం పరిశీలన అనంతరం జాతీయ నిధి నుంచి అదనపు సహాయం లభిస్తుంది. నిర్ణీత రేట్లకు మించి చెల్లించదలచిన పక్షంలో ఆ వ్యయాన్ని రాష్ట్రమే భరించాలి.

రేట్లు: నష్టం 50 శాతం ఉంటేనే సహాయమన్న నిబంధనను 2015లో 33 శాతానికి సడలించారు. 2022-23 నుంచి 2025-26 వరకు వర్తించేలా కేంద్రం నిర్ణయించిన రేట్ల ప్రకారం హెక్టారుకు వర్షాధార పంటలకు రూ.8,500, నీటి వసతి గల పంటలకు రూ.17,000, బహువార్షిక పంటలకు రూ.22,500 చొప్పున, రైతుకు గరిష్ఠంగా 2 హెక్టార్లకు చెల్లించాలి. అనగా మూడెకరాల వర్షాధార వేరుశనగ పూర్తిగా దెబ్బతిన్న రైతుకు లభించేది సుమారు రూ.10,300. ఎనిమిదెకరాలు నష్టపోయినా రూ.17,000 మించదు.

అనంతపురం పరిస్థితి: అవిభక్త అనంతపురం జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. 2022లో ఈ జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. ఎర్ర నేలలలో వర్షాధారంగా సాగయ్యే వేరుశనగకు ఊడలు దిగే దశలో, కాయ ఊరే దశలో వాన ముఖం చాటేస్తే దిగుబడి పడిపోతుంది. పైరు పచ్చగా కనిపించినా భూమిలో కాయ ఉండకపోవచ్చు. కావున పైచూపుతో నష్టాన్ని అంచనా వేయడం సాధ్యం కాదు; పంట కోత ప్రయోగాల ఫలితాలు ఇక్కడ కీలకం.

కరవు ప్రకటన, గణన: రాష్ట్రంలో కరవు ప్రకటనకు మండలాన్ని యూనిట్‌గా తీసుకుంటారు. వర్షపాత లోటు, వర్షాల మధ్య విరామం, సాగు విస్తీర్ణం, పైరు స్థితి, నేలలో తేమ తదితర అంశాలను 2016 నాటి కరవు నిర్వహణ మార్గదర్శకాల ప్రకారం పరిశీలిస్తారు. అనంతరం వ్యవసాయ, రెవెన్యూ సిబ్బంది సర్వే నంబర్ల వారీగా నష్టాన్ని నమోదు చేస్తారు. జాబితాను గ్రామంలో ప్రదర్శించి, అభ్యంతరాలు స్వీకరించి, సవరించిన పిదప సొమ్మును బ్యాంకు ఖాతాలకు జమ చేస్తారు.

కౌలు రైతులు: గణనలో అత్యధికంగా నష్టపోయే అవకాశమున్నది వీరే. భూమి రికార్డులలో యజమాని పేరు ఉంటుంది; పెట్టుబడి పెట్టి నష్టపోయేది కౌలుదారు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల కాలానికి హక్కు పత్రం కల్పించినప్పటికీ, అందుకు యజమాని సమ్మతి అవసరమైంది. హక్కు పత్రం గాని, ఈ-పంట నమోదు గాని లేని కౌలుదారు పేరు జాబితాకు చేరడం కష్టం.

అందువలన గ్రామంలో జాబితా ప్రదర్శించే రోజులే అత్యంత ముఖ్యమైనవి. సాగుదారు పేరు, సర్వే నంబరు, పంట, విస్తీర్ణం, ఖాతా వివరాలలోని పొరపాట్లను అప్పుడే సరిదిద్దాలి. జాబితా ఖరారైన పిదప సవరణ జరిగేలోగా విత్తే అదను దాటిపోతే, సహాయం అందినా దాని ఉద్దేశం నెరవేరదు.