దొరికినవాడికి దక్కేదేమిటి?

షెర్లాక్ హోమ్స్‌ని కానన్ డాయిల్ కాపురం పెట్టించిన లండన్ బేకర్ స్ట్రీట్‌లోనే, 200 నంబరు భవనంలో, 1933 నుంచి 2019 దాకా నిజమైన ఆచూకీ పని ఒకటి సాగింది. అది నగర రవాణా సంస్థ నడిపిన, పోయిన వస్తువుల కార్యాలయం. బస్సుల్లో, భూగర్భ రైళ్లలో, తర్వాతి కాలంలో నల్ల టాక్సీల్లో జనం వదిలేసిన సామానంతా అక్కడికి చేరేది. గొడుగులు, ఫోన్లు సరే. కట్టుడు పళ్లు, చితాభస్మం ఉన్న కలశాలు, ఆఖరికి ఒక పార్కు బెంచీ కూడా వచ్చాయి. బెంచీని మరిచి దిగిపోయిన మనిషి ఆ పూట ఏ స్థితిలో ఉన్నాడో ఎవరి ఊహ వారిది.

టాక్సీల్లో దొరికిన సామాను అప్పగించడం వెనక గుర్రబ్బండ్ల నాటి చట్టం ఉంది. నాటకం వదిలాకో, విందు ముగిశాకో ఇల్లు చేరేవారికి బాడుగ బండే గతి. చీకట్లో సీటు మీద నగల పెట్టె ఉండిపోతే మర్నాడు గాని తెలియదు. బండి నంబరు ఎవరు చూశారు? 1853లో వచ్చిన బాడుగ బండ్ల చట్టం బాధ్యతను బండివాడి మీదే పెట్టింది. దొరికిన వస్తువును 24 గంటల్లో పోలీసు స్టేషన్లో అప్పగించాలి, లేకపోతే శిక్ష. సొంతదారు వచ్చి తీసుకుపోయేటప్పుడు మాత్రం బండివాడికి తగిన ప్రతిఫలం ముట్టజెప్పాలి. అసలు తెలివి ఈ రెండో మాటలో ఉంది. ఒట్టి భయమే పెడితే పెట్టె థేమ్స్ నదిలోకి పోతుంది గాని స్టేషన్‌కి రాదు.

న్యూయార్క్‌లో టాక్సీ రసీదు ఓ సంగీతకారుణ్ణి గట్టెక్కించింది. 1999 అక్టోబరు 16న సెల్లో విద్వాంసుడు యో-యో మా, ముందురోజు రాత్రి కచేరీ బడలిక తీరకుండానే టాక్సీ ఎక్కాడు. వాద్యం డిక్కీలో పెట్టాడు. హోటల్ దగ్గర దిగి, డబ్బిచ్చి, రసీదు తీసుకుని లోపలికి నడిచాడు. గుర్తొచ్చేసరికి టాక్సీ లేదు. ఆ సెల్లో 1733లో వెనిస్‌లో డొమెనికో మొంటన్యానా చేసినది, ఖరీదు 25 లక్షల డాలర్లు. రసీదు మీద టాక్సీ నంబరు అచ్చయి ఉంది. పోలీసులు ఆ నంబరు పట్టుకుని క్వీన్స్‌లోని ఒక గారేజీకి వెళ్లి డిక్కీ తెరిపిస్తే, పెట్టె పెట్టినచోటే ఉంది. ఆ సాయంత్రం బ్రూక్లిన్‌లో కచేరీ యథావిధిగా జరిగింది.

2008లో వయొలిన్ విద్వాంసుడు ఫిలిప్ క్వింట్‌దీ ఇదే కథ. న్యూఆర్క్ విమానాశ్రయం నుంచి ఇంటికి వచ్చి, 1723 నాటి స్ట్రాడివేరియస్‌ను టాక్సీలో వదిలేశాడు. డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. క్వింట్ అతనికి డబ్బు ఇవ్వడంతో సరిపెట్టుకోలేదు. విమానాశ్రయంలో టాక్సీలు ఆగే స్థలానికే వెళ్లి, డ్రైవర్ల ముందు నిలబడి అరగంట వాయించాడు.

జపాన్‌లో ప్రతిఫలాన్ని శాతాల్లోనే రాసిపెట్టారు. దొరికిన వస్తువు తెచ్చి ఇచ్చినవాడికి దాని విలువలో 5 నుంచి 20 శాతం రావాలి. 3 నెలల్లో సొంతదారు రాకపోతే, చాలా వస్తువులు తెచ్చినవాడికే దక్కుతాయి. జపనీయుల నిజాయితీని పొగిడేవారు ఈ లెక్కనూ, వీధి వీధికీ ఉండే పోలీసు చౌకీనీ కూడా తలుచుకుంటే బాగుంటుంది.

మన దగ్గర దొరికినవాడి పాట్లు కాళిదాసే చూపించాడు. చేప కడుపులో దుష్యంతుడి ఉంగరం దొరికిన జాలరిని రక్షకభటులు పెడరెక్కలు విరిచి కట్టి, తన్నుకుంటూ తీసుకొస్తారు. రాజు ఉంగరం వెలకు సరిపడా ధనం పంపాక గాని వాళ్ల స్వరం మారదు. జాలరి అందులో సగం వాళ్ల చేతిలో పెడతాడు. అందరూ కలిసి కల్లంగడికి పోతారు! దొరికితే దొంగ అనే సామెత ఆ జాలరికి అక్షరాలా సరిపోయింది.

మనుస్మృతి మాత్రం పోయిన సొమ్మును రాజు మూడేళ్లు భద్రపరచాలంది. పల్లెల్లో తప్పెట కొట్టి దండోరా వేయించేవారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 168వ సెక్షన్ ప్రకారం, దొరికిన వస్తువును కాపాడి సొంతదారును వెతకడానికి పడ్డ శ్రమకూ ఖర్చుకూ పరిహారం ముట్టేదాకా దాన్ని తన దగ్గరే ఉంచుకోవచ్చు. బహుమానం ఇస్తానని ప్రకటించి ఎగ్గొడితే దావా కూడా వేయొచ్చు. నూటయాభై ఏళ్లు దాటినా ఈ హక్కు ఉన్నట్టు తెలిసినవారు తక్కువ. ఆటోలో పర్సు కనబడినవాడు ఇప్పటికీ స్టేషన్ మెట్లెక్కడానికి జంకుతాడంటే తప్పు అతనిది కాదు.

ఇప్పుడు రాత్రి షికార్లలో ఎక్కువగా పోయేది ఫోనే. 2023 మేలో దేశమంతటా మొదలైన సంచార్ సాథీ పోర్టల్ ద్వారా దాన్ని ఎవరూ వాడకుండా చేయొచ్చు, ఆచూకీ కూడా పట్టొచ్చు. అందుకు పోలీసు ఫిర్యాదు ప్రతి, ఫోను ఐఎంఈఐ నంబరు కావాలి. *#06# నొక్కితే ఆ నంబరు తెర మీద కనిపిస్తుంది. ఇవాళే నొక్కి, కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. ఫోన్లోనే దాచుకుంటే మాత్రం లాభం లేదు.