తిత్లీ చీకట్లో ఫోన్ తెర

వెలిగి ఉన్నంతసేపూ ఫోన్ బ్యాటరీని ఎక్కువగా తినే భాగాల్లో తెరదే ముందు వరస. కరెంటు ఉన్నన్నాళ్లూ ఈ సంగతి ఎవరికీ పట్టదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గంటకు 140-150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడితోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకూలాయి. ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి. జనరేటర్ ఉన్న చోటల్లా ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకునేవాళ్లు గుమిగూడారు. పొట్టకూటికి గల్ఫ్‌కో గుజరాత్ రేవులకో వెళ్లిన మనిషికి ఇంటి క్షేమం తెలియాలంటే, ఇక్కడి ఫోన్లో మిగిలిన కాస్త ఛార్జింగే దిక్కు.

అప్పటికి జనం చేతుల్లో తిరుగుతున్న ఫోన్లలో మూడు తరాల తెరలున్నాయి. వాటిలో అన్నిటికన్నా పాతది కీప్యాడ్ ఫోన్ల నలుపు తెర. 2003లో వచ్చిన నోకియా 1100 దీనికి చక్కని ఉదాహరణ. అడ్డంగా 96, నిలువుగా 65 చుక్కలు, రంగుల్లేవు. ఈ తెరలోని ద్రవ స్ఫటికాలు తమంతట తాము వెలగవు. బయటి వెలుతురును వెనక్కి పంపడమో, అడ్డుకోవడమో చేస్తాయి, అంతే. మీట నొక్కినప్పుడు కాసేపు వెలిగే చిన్న దీపం తప్ప ఆ తెరకు పెద్ద ఖర్చు లేదు. అందుకే 850 ఎంఏహెచ్ బ్యాటరీతోనే ఆ ఫోన్ రోజుల తరబడి నడిచేది. ఎండలో కూడా అక్షరం స్పష్టంగా కనబడేది.

ఈ ద్రవ స్ఫటికాలను 1888లో ప్రాగ్‌లో ఫ్రీడ్రిక్ రైనిట్జర్ అనే వృక్ష శాస్త్రజ్ఞుడు గుర్తించాడు. తెరలుగా మారడానికి మరో ఎనభై ఏళ్లు పట్టింది. ఆ కథలో మన దేశానికీ వాటా ఉంది. బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్ బృందం 1977లో పళ్లెం ఆకారపు అణువులతో ఏర్పడే కొత్త రకం ద్రవ స్ఫటికాలను కనిపెట్టింది. ఏ పక్కనుంచి చూసినా బొమ్మ చెదరకుండా ఎల్‌సీడీలకు, అంటే ద్రవ స్ఫటికాల తెరలకు, అతికించే పొరల తయారీలో తర్వాత ఆ రకం అణువులే పనికొచ్చాయి.

రంగులు రాగానే లెక్క తారుమారైంది. రెండో తరమైన రంగుల ఎల్‌సీడీ తెర వెనక ఎల్ఈడీ దీపాల వరస ఉంటుంది. దాని వెలుగు ధ్రువణ పొరలనూ, స్ఫటికాలనూ, ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలనూ దాటుకుని బయటపడేసరికి పదో వంతుకు మించి మిగలదు. పైగా బొమ్మ నల్లగా ఉన్నా వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది. ఇంట్లో దీపం ఆర్పకుండా కిటికీ తలుపులు మూసినట్టు. చీకటి గదిలో ఎల్‌సీడీ ఫోన్లో నల్లని ఫొటో పెట్టి చూస్తే తెర బూడిద రంగులో లీలగా మెరుస్తుంటుంది. ఆ మెరుపంతా బ్యాటరీ నుంచి పోతున్నదే. 2018 ఫిబ్రవరిలో మన దేశంలో విడుదలైన రెడ్‌మీ నోట్ 5 ప్రో ఈ కోవదే. దాదాపు ఆరంగుళాల తెర, 4000 ఎంఏహెచ్ బ్యాటరీ. నోకియా కంటే నాలుగు రెట్లకు పైగా పెద్ద బ్యాటరీ ఉన్నా, గట్టిగా వాడితే ఒక్క రోజు దాటడమే గొప్ప.

మూడోది అమోలెడ్. 1987లో కోడాక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ కరెంటు తగలగానే వెలిగే పలుచని సేంద్రియ పొరలు తయారుచేశారు. ఇందులో వెనక దీపం ఉండదు, ప్రతి చుక్కా తానే వెలుగుతుంది. నలుపు కావాలంటే ఆ చుక్క ఆరిపోతుంది, దానికి ఖర్చు లేదు. తెల్లని పేజీ తెరిస్తే మాత్రం చుక్కలన్నీ ఒక్కసారి వెలగాలి. అప్పుడు ఎల్‌సీడీ కంటే ఎక్కువే తాగుతుంది. 2015లో వచ్చిన సామ్‌సంగ్ గెలాక్సీ జే2 లాంటి తక్కువ ధర ఫోన్లతోనే ఈ తెర పల్లెల దాకా వచ్చింది.

తిత్లీ నాటికి ఈ తెరలోని పొదుపు చాలామందికి అక్కరకు రాలేదు. తెల్లని పేజీలను నల్లగా మార్చే డార్క్ మోడ్ ఆండ్రాయిడ్‌లో ఫోన్ మొత్తానికీ 2019లో ఆండ్రాయిడ్ 10తో వచ్చింది, వాట్సాప్‌లో 2020 మార్చిలో. తుపాను నాటి క్షేమ సమాచారాలన్నీ వెలుతురు నిండిన తెరల మీదే నడిచాయి.

డార్క్ మోడ్ పెడితే ఛార్జింగ్ రెట్టింపు నిలుస్తుందనే నమ్మకంలో సగమే నిజం. ఎల్‌సీడీ మీద దానివల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. అమోలెడ్ మీద కూడా లాభం బ్రైట్‌నెస్‌ను బట్టే. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం 2021లో వెల్లడించిన పరిశోధన ప్రకారం, బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచితే 39 నుంచి 47 శాతం దాకా ఆదా అవుతుంది. 30-50 శాతం దగ్గర ఉంచితే 3 నుంచి 9 శాతమే. అంటే పలాస జీడిపిక్కల కళ్లంలో మిట్టమధ్యాహ్నం వాడే ఫోన్‌కు డార్క్ మోడ్ బాగా ఉపయోగం, కరెంటు లేని రాత్రి ఇంట్లో అంతంతమాత్రం. బ్రైట్‌నెస్ తగ్గించడం మాత్రం రెండు తెరలకూ పనికొస్తుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు 2010లో ఒక ఎల్‌సీడీ ఫోన్‌ను కొలిస్తే వెనక దీపం ఖర్చు కనిష్ఠంగా సుమారు 8 మిల్లీవాట్లు, గరిష్ఠంగా 414 తేలింది. యాభై రెట్ల తేడా.

తుపానులో మరో చిక్కు తెరతో సంబంధం లేనిది. టవర్లు పనిచేయనప్పుడు ఫోన్ జేబులో ఉండగానే సిగ్నల్ కోసం వెతుకుతూ బ్యాటరీ తాగేస్తుంది. అలాంటప్పుడు తెర ఎంత పొదుపైనదైనా సరిపోదు. ఫ్లైట్ మోడ్‌లో ఉంచి, అవసరమైనప్పుడు తీసి చూడటమే దారి.

తిత్లీ తర్వాత మూడేళ్లలోపే తెరల బజారు మారింది. 2021 మార్చిలో వచ్చిన రెడ్‌మీ నోట్ 10 పన్నెండు వేల లోపు ధరకే అమోలెడ్ తెర, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఇచ్చింది. ఆ రోజుల్లోనే సెకనుకు 90, 120 సార్లు బొమ్మ మార్చే తెరలూ వ్యాపించి, మిగిలిన ఆదాలో కొంత లాగేసుకున్నాయి. బొమ్మ కదలనప్పుడు ఆ వేగాన్ని సెకనుకు ఒక్కసారికి దించే ఎల్‌టీపీఓ తెరలు ముందు ఖరీదైన ఫోన్లకే వచ్చాయి. అవి లేనివాళ్లు సెట్టింగ్స్‌లో వేగాన్ని 60కి మార్చుకుంటే సరి.